తూటా ఎక్కడ పడిందో ముందు నువ్వు చెప్పు

యాప్రాల్‌లో మా వీధిలో ఉండేవాళ్ళలో సగం మంది నాలాగే ఫౌజు నుంచి రిటైరైనవాళ్ళు. సాయంత్రం నడకకు వెళితే ఒకరు సరిహద్దులో మంచు గురించి చెబుతారు, మరొకరు ట్యాంకుల గురించి చెబుతారు. నా వంతు వచ్చేసరికి నాకు మాట తడబడుతుంది. నా సర్వీసులో ఎక్కువ భాగం నేను నలుగురు మనుషులకు గుట్టల్లో దారి వెతుక్కోవడం నేర్పుతూ గడిపాను. వినేవాళ్ళకు అది ఉద్యోగంలా అనిపించదు. నాకు మాత్రం అంతకంటే మంచి ఉద్యోగం ఫౌజులో ఉందనిపించదు.

దాన్ని మేం పెట్రోలింగ్ పోటీ అనేవాళ్ళం. నలుగురి జట్టు. వీపున బరువు, చేతిలో తుపాకి, నలుగురికీ కలిపి ఒక పటం, ఒక దిక్సూచి. గుట్టల మధ్య దాచిన జెండాలను ఒకదాని తర్వాత ఒకటి వెతుక్కుంటూ పోవాలి. దారిలో అక్కడక్కడ ఒక జడ్జి కూర్చుని చిక్కుముడి పెడతాడు. ఒక పొట్టి తాడు, రెండు పలకలు, ఖాళీ పీపా ఇచ్చి, కాలు నేలకు తగలకుండా కందకం దాటమంటాడు. అన్నీ అయ్యాక, గుండె ఇంకా దడదడలాడుతుండగానే, బోర్లా పడుకుని టార్గెట్ కొట్టాలి. నలుగురిలో చివర వచ్చినవాడి టైమే జట్టు టైము.

మా వీధి పిల్లలు ఇద్దరు ఈ మధ్యే ఫౌజులో చేరారు. యూనిట్ జట్టులోకి వెళ్ళాలని వాళ్ళ ఆశ. సెలవుకు వచ్చినప్పుడు, "అంకుల్, జెర టిప్స్ చెప్పండి" అన్నారు. టిప్స్ నా దగ్గర లేవు. జరిగినవి ఉన్నాయి. ప్రమోషన్ల సంగతి రాయను. అవి అందరికీ వస్తాయి, నాకు కొంచెం ఆలస్యంగా వచ్చాయి, అంతే.

నా చదువు

మాది లాలాగూడ. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారం చర్చి అయ్యాక మిగతా పిల్లలు క్రికెట్‌కు పోతే నేను రైల్వే వాళ్ళ క్లబ్బులో ఉన్న చదివే గదికి పోయేవాణ్ణి. అక్కడ ఫ్యాను బాగా తిరిగేది. మొదట్లో దానికోసమే వెళ్ళాను. తర్వాత పుస్తకాలు పట్టుకున్నాయి. నేను పదో తరగతితో ఆగిపోయిన మాట నిజమే. కానీ ఏ ఊరికి పోస్టింగ్ వచ్చినా ముందు క్యాంటీన్ ఎక్కడని కాదు, లైబ్రరీ ఎక్కడని అడిగాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

పనికొచ్చిన చదువు కూడా అదే. పాతకాలంలో సర్వేవాళ్ళు ఈ దక్కను గుట్టల మీదకు మనుషుల చేత మోయించి కొలత యంత్రాలు ఎక్కించి, ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి కోణాలు తీసి పటాలు గీశారని చదివాక, పటం నాకు కాగితంలా కనిపించడం మానేసింది. దాని వెనక ఎవరో చెమటోడ్చిన మనిషి కనిపించేవాడు. అలాగే వైద్య విద్యార్థులు చదివే లావుపాటి పుస్తకం ఒకటి సికింద్రాబాద్‌లో ఒక లైబ్రరీలో దొరికింది. ఊపిరి వదిలాక, మళ్ళీ పీల్చుకునే ముందు, శరీరం తనంతట తాను కాస్త ఆగుతుందని అందులో ఉంది. తుపాకి పేల్చాల్సింది సరిగ్గా ఆ సందులో. నాకు ఏ కోర్సులోనూ దాని కారణం ఎవరూ చెప్పలేదు.

ఇవన్నీ జట్టుకు చెప్పేవాణ్ణి. జట్టులో రఫీ అని ఒకడు ఉండేవాడు. పాతబస్తీ కుర్రాడు, దిక్సూచి అతని చేతిలో ఉండేది. నేను గొంతు సవరించుకోగానే మొదలుపెట్టేవాడు.

"అరె భాయ్, దాస్ ఉస్తాద్ కితాబ్ షురూ చేసిండు. బూట్లు ఇప్పి ఆరాంగ కూసోండ్రి."

అందరూ నవ్వేవాళ్ళు. కానీ బూట్లు విప్పుకుని వినేవాళ్ళు.

చూడకముందు చెప్పడం

మా ఫైరింగ్ రేంజిలో నేను పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. నేను కనిపెట్టింది కాదు, మంచి షూటర్లందరికీ తెలిసిందే. తూటా పేలాక టార్గెట్ వైపు చూడకూడదు. అది ఎక్కడ పడిందో ముందు నోటితో చెప్పాలి. "కుడి, కొంచెం పైన." "నడుమ." "బయటికి." చెప్పాకే నేను దుర్భిణీలో చూసేవాణ్ణి.

ఎందుకంటే తుపాకి పేలిన క్షణంలో గొట్టం కొసన ఉండే సూది ఎటు ఊగిందో కన్ను చూసే ఉంటుంది. మనసే ఒప్పుకోదు. బాగా పడాలన్న ఆశ అడ్డం వస్తుంది. చెప్పడం అలవాటైన మనిషి తన తప్పును తానే దిద్దుకుంటాడు. అలవాటు కానివాడు బోర్డు చూసి సంతోషపడతాడు, లేకపోతే తుపాకిని తిడతాడు.

నాయక్ మల్లేశ్ మా జట్టులో అందరికంటే బలహీనమైన షూటర్. మేడ్చల్ వైపు మనిషి, పొడుగరి, మాట తక్కువ. అతని తూటాలు బోర్డంతా చెదిరిపోయేవి. కానీ ఎక్కడికి పోయిందో అతనంత సరిగ్గా చెప్పినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. "ఎడమ, అంచుకు" అంటే ఎడమ అంచులోనే ఉండేది. నేను దుర్భిణీ మూతపెట్టి అతని మాట మీదే మార్కులు వేసిన రోజులున్నాయి.

మరి అలాంటివాణ్ణి జట్టులో ఎందుకు ఉంచాను? మా జట్టులో నాలుగోవాడికి వేరే పని ఉండేది. హవల్దార్ యాదగిరి పటం చూసేవాడు, రఫీ దిక్సూచి, భాస్కర్ అడుగులు లెక్కపెట్టేవాడు. నాలుగోవాడి చేతిలో ఏమీ ఉండదు. ప్రతి మలుపులో అతను "ఎందుకు?" అని అడగాలి. పటం చూసేవాడు ఒక్క వాక్యంలో జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే జట్టు కదలకూడదు. అలసిపోయినప్పుడు, ఎండ నెత్తికెక్కినప్పుడు, తన హవల్దారును ఆపి ఎందుకని అడగడానికి గుండె కావాలి. మల్లేశ్‌కు ఆ గుండె ఉంది. ఇప్పటి పిల్లలకు నేను చెప్పేది ఒకటే. జట్టు కట్టేటప్పుడు వేగంగా పరుగెత్తేవాణ్ణి ఎవరైనా ఎంచుకుంటారు. మీరు మాత్రం ముందు ఈ నాలుగోవాణ్ణి వెతకండి.

మేజర్ గారి షరతు

ఆ కాలంలో మా మీద ఉన్న మేజర్ గారిది భీమవరం వైపు. నేను చూసిన మంచి అధికారుల్లో ఒకరు. జట్టుకు కొత్త బూట్లు కావాలంటే తెప్పించేదాకా ఊరుకునేవాడు కాదు. కోపం వస్తే మొహం మీదే అరిచేవాడు, వెనక మాట్లాడేవాడు కాదు. ఆయనలో లోపమల్లా ఒకటే. కాగితం మీద కనిపించినదాన్నే నమ్మేవాడు. మనిషిని చూసి అంచనా వేసే ఓపిక ఆయనకు అప్పటికి లేదు.

పోటీకి ముందు వారం రేంజికి వచ్చి మల్లేశ్ బోర్డు చూశాడు.

"ఏం దాసూ, మీవాడు తుపాకి పేలుస్తున్నాడా, పేలాలు చల్లుతున్నాడా?"

"దారి దగ్గర అతను చాలా అవసరం సర్."

"దారి చూపించడానికి ముగ్గురున్నారు కదయ్యా! ఇదిగో, నా మాట విను. పోటీలో ఐదు రౌండ్లు ఇస్తారు. ఐదూ బోర్డు మీద ఉండాలి. ఒక్కటి బయటికి పోయినా ఇతను జట్టులో ఉండడు. తిరిగి కంపెనీకి పోయి గార్డు డ్యూటీ చేసుకుంటాడు."

మల్లేశ్ అక్కడే నిలబడి విన్నాడు. "అట్లనే సర్" అన్నాడు.

ఆ జట్టు అతనికి ఏమిటో నాకు తెలుసు. కంపెనీలో అతను మందలో ఒకడు. ఇక్కడ, అతను అడిగితే హవల్దారు ఆగి జవాబు చెబుతాడు. పెళ్ళి కోసం ఇచ్చిన సెలవును కూడా ప్రాక్టీసు పోతుందని వారం ముందే ముగించుకుని వచ్చాడు. భార్య ఏమందో మేం అడగలేదు. రఫీ అడిగాడు, దెబ్బ తిన్నాడు.

యాదగిరికీ అది ముఖ్యమైన పోటీయే. మల్కాజ్‌గిరిలో ఇల్లు కట్టుకుంటున్నాడు, ఏడాదిలో పెన్షన్‌కు వెళ్ళాలి. ఎన్నోసార్లు జట్టును నడిపించాడు కానీ ఒక్కసారీ కప్పు రాలేదు.

పటంలో ఉన్న గుట్ట

ఆ ఉదయం గుట్టల్లో జరిగింది నేను చూసింది కాదు. నలుగురూ విడివిడిగా చెప్పిందాన్ని కలిపి రాస్తున్నాను.

మూడో జెండా ఒక గుట్ట పాదంలో ఉండాలి. పటంలో గుట్ట స్పష్టంగా ఉంది. వాగు దాటి పైకి రాగానే ఎదురుగా నల్లటి బండల గుట్ట కనిపించింది. రెండు జట్లు అప్పటికే దాని వైపు పరుగెడుతున్నాయి.

"అగో గుట్ట. నడువుండ్రి" అన్నాడు యాదగిరి.

"ఎందుకన్నా?" అన్నాడు మల్లేశ్.

"ఎందుకేందిరా? పటంల గుట్టున్నది, ముంగట గుట్టున్నది. ఇంకేం గావాలె నీకు, బోర్డు పెట్టాల్నా?"

"పటంల గుట్ట వాగుకు ఎడమ దిక్కున్నది. గిది కుడి దిక్కున్నది."

యాదగిరి పటం తిప్పి చూశాడు. రఫీ దిక్సూచి పెట్టి చూశాడు. మల్లేశ్ చెప్పింది నిజమే. కానీ ఎడమవైపు గుట్టే లేదు. తుమ్మ పొదలు, చదునైన నేల.

"మరి ఆ గుట్టేదిరా? కాళ్ళొచ్చి పోయిందా?"

"లేదన్నా. ఇప్పుడు లేదు. క్వారీవోళ్ళు తిన్నరేమో."

యాదగిరి మెడ తిప్పి చూశాడు. కుడి పక్క జట్లు గుట్ట ఎక్కుతున్నాయి. చివరికి పటం మడిచి, "ఎడమకు పోదాం. గుట్ట లేకపోతే గుంటన్న ఉండాలె గదా" అన్నాడు.

పొదలు దాటగానే పెద్ద క్వారీ గుంట, అడుగున పచ్చటి నీళ్ళు. గట్టున జెండా. పోటీ పెట్టినవాళ్ళు కావాలనే పాత పటం ఇచ్చారు. ఆ బండలు హిమాలయాలు పుట్టకముందు నుంచీ అక్కడ ఉన్నాయని నేను చదివాను. వాటిని మాయం చేయడానికి మనకు కొన్నేళ్ళు చాలాయి. ఇప్పుడు అందరి చేతిలో ఫోను, ఫోనులో మనమెక్కడున్నామో చూపించే నీలం చుక్క ఉంది. మంచిదే. కానీ ఎదురుగా కనిపించిందాన్ని మనకు కావలసినదిగా మార్చుకునే బుద్ధి ఫోనుతో పోదు.

మిగతా జట్లు చాలావరకు ఆ తప్పు గుట్ట చుట్టూ తిరిగాయి. మావాళ్ళు కాల్పుల దగ్గరకు అందరికంటే ముందు చేరారు.

ఐదు రంధ్రాలు

కాల్పుల దగ్గర, జట్టుకు నేర్పే ఉస్తాదు వాళ్ళ వెనక నిలబడవచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. నేను నిలబడ్డాను. కొంచెం దూరంలో మేజర్ గారు. మావాళ్ళు పడుకునేలోపు పక్క లైనులోకి ఇంకో జట్టు కూడా వచ్చిపడింది. నాలుక బయటపెట్టి రొప్పుతున్నారు. దుమ్ముకు బోర్డుల మీద అంకెలు సరిగ్గా కనిపించడం లేదు.

యాదగిరి, రఫీ, భాస్కర్ ముగ్గురూ బాగా కొట్టారు. మల్లేశ్ నిదానంగా కొట్టాడు. ప్రతిసారీ గొణిగినట్టు తనకు తాను చెప్పుకున్నాడు, నాకు వినబడింది. "పైన." "నడుమ." "కుడి అంచు." నాలుగోసారి తుపాకి పేలగానే మొహం ముడుచుకున్నాడు. "బయటికి" అన్నాడు. ఐదోది "కింద" అన్నాడు.

అయిపోయిందనుకున్నాను.

జట్లన్నీ కొట్టాక బోర్డులు తెచ్చారు. మల్లేశ్ బోర్డు మీద ఐదు రంధ్రాలున్నాయి.

మేజర్ గారి మొహం వెలిగిపోయింది. "శభాష్! చూశావా దాసూ, షరతు పెడితే కానీ పని జరగదు" అన్నాడు. జడ్జి టైమూ తూటాలూ కలిపి లెక్క వేశాడు. మేం మొదటి స్థానంలో ఉన్నాం. రఫీ భాస్కర్‌ను ఎత్తుకున్నాడు. యాదగిరి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. అంత అందమైన అలసట నేను ఏ మనిషి మొహంలోనూ చూడలేదు.

మల్లేశ్ ఒక్కడే బోర్డు దగ్గరే ఉండిపోయాడు. తర్వాత జడ్జి ముందుకు పోయి నిలబడ్డాడు.

"సర్, నావి నాలుగే. ఒకటి నాది గాదు."

జడ్జి తలెత్తాడు. "నీ బోర్డే కదా?"

"బోర్డు నాదే సర్. నా నాలుగో రౌండు బయటికి పోయింది. పక్కోళ్ళది ఎవరిదో నా దాంట్ల పడ్డది."

పక్క లైను మనిషిని పిలిచారు. అతని బోర్డు మీద ఒకటి తక్కువగా ఉంది. కానీ తాను తన బోర్డునే కొట్టానని అతను ఒట్టేసి చెప్పాడు. పాపం, అబద్ధమాడుతున్నట్టు లేడు. అతనికి నిజంగానే తెలియదు.

"అతని మాట అతనిది, నీ మాట నీది. నా ముందున్నది కాగితం" అన్నాడు జడ్జి. "ఐదు రాస్తాను. వద్దంటే నువ్వే తీసేయించుకోవాలి. ఆలోచించుకో."

మేజర్ గారు దగ్గరకు వచ్చేశాడు. "ఏవయ్యా, నీ అంచనా తప్పై ఉండొచ్చుగా? బోర్డు అబద్ధం చెబుతుందా?"

"తప్పు గాదు సర్. తీసెయ్యుండ్రి."

తీసేశారు. మేం రెండో స్థానానికి దిగాం.

బండి దగ్గరకు వచ్చాక యాదగిరి మల్లేశ్ చొక్కా పట్టుకున్నాడు.

"ఎవడడిగిండ్రా నిన్ను? కాయిదం మీద ఉన్నది నీకు చాలలేదా? నాకింకో పోటీ ఉన్నదా, చెప్పు!"

"లేదన్నా."

"మరెందుకు?"

మల్లేశ్ చొక్కా విడిపించుకోలేదు. "పొద్దుగాల గుట్ట సుత కాయిదం మీదున్నదే గదన్నా. నేను లేదంటే నువ్వు నమ్మినవ్. రేపు నేను ఎడమకు పోదామంటే నమ్మాల్నా వద్దా నువ్వు?"

యాదగిరి చొక్కా వదిలేశాడు. అతన్ని క్షమించినట్టు మాత్రం ఆ రోజు ఏమీ కనిపించలేదు.

మాట మీద నిలబడ్డ మనిషి

మేజర్ గారు తన షరతు వదల్లేదు. మర్నాడే మల్లేశ్‌ను కంపెనీకి పంపించేశాడు. నేను ఆయన ఆఫీసుకు వెళ్ళాను.

"సర్, ఐదు ఉన్నాయని ఊరుకుంటే అతను జట్టులో ఉండేవాడు. నిజం చెప్పినందుకు పోయాడు."

"నిజం చెప్పినందుకు కాదు దాసూ, ఒకటి బయటికి పోయినందుకు. అతనే చెప్పాడుగా." పెన్ను బల్ల మీద పెట్టాడు. "నా మాట నేను తప్పితే, అతను తన మాట నిలబెట్టుకున్నదానికి విలువేముంది?"

ఆ నిర్ణయం తప్పనే ఇప్పటికీ అంటాను. కానీ చెప్పిన మాట మీద నిలబడే అధికారి కింద పని చేయడం అదృష్టం. ఎక్కడ నిలబడాలో మనకు తెలుస్తుంది.

మల్లేశ్ గేటు దగ్గర డ్యూటీ చేశాడు. అటు వెళ్ళినప్పుడల్లా నాకు సెల్యూట్ కొట్టేవాడు. నాకు ఆ సెల్యూట్ తీసుకోవడం కష్టంగా ఉండేది. ఖాళీ దొరికితే రేంజికి వచ్చేవాడు. పుస్తకంలో ఉన్న ఊపిరి సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. కొంచెం బాగుపడ్డాడు. గొప్ప షూటర్ మాత్రం కాలేదు. అందరూ అవుతారని నేను రాయను.

తర్వాతి సీజనుకు ఎంపికలు వచ్చాయి. ఎవరైనా పేరు ఇవ్వవచ్చు. మల్లేశ్ ఇచ్చాడు. యాదగిరికి పెన్షన్ కాగితాలు వచ్చేశాయి, ఇంకొన్ని రోజులే ఉన్నాయి. బోర్డుల కింద గోతిలో కూర్చుని, తూటా ఎక్కడ పడిందో కర్రతో చూపించే పని తనకిమ్మని అడిగి తీసుకున్నాడు.

"నీకెందుకు యాదగిరీ, హాయిగా ఉండక?" అన్నాను.

"వాడేం కొడతడో దగ్గర్నుంచి చూస్త ఉస్తాద్. ఏడాది సంది పరేషాన్ చేసిండు నన్ను."

ఆ రోజు ఎండ బాగా ఉంది. అభ్యర్థులందరినీ పరుగెత్తించి తెచ్చి పడుకోబెట్టాం. మల్లేశ్ వంతు వచ్చేసరికి మేజర్ గారు తన జాగా నుంచి లేచి వచ్చి అతని వెనక నిలబడ్డాడు. నేను దుర్భిణీ ఇవ్వబోతే వద్దన్నాడు.

మొదటి తూటా పేలింది.

"ఎక్కడ?" అన్నాడు మేజర్ గారు.

"నడుమ సర్."

గోతిలోంచి యాదగిరి కర్ర లేచి బోర్డు నడుమ ఆనింది.

"తర్వాత."

"ఎడమ సర్. కొంచెం కింద."

కర్ర ఎడమకు వచ్చి, కొంచెం కిందికి జరిగి ఆగింది. మూడోది "పైన" అన్నాడు. కర్ర పైకి పోయింది. మేజర్ గారు బోర్డు వైపు కాదు, పడుకుని ఉన్న మనిషి వీపు వైపు చూస్తున్నాడని నేను గమనించాను.

నాలుగోది పేలింది. మల్లేశ్ ఊపిరి వదిలాడు.

"బయటికి సర్."

అందరం గోతి వైపు చూశాం. కర్ర లేవలేదు. కాసేపటికి ఎర్ర జెండా లేచి, బోర్డు ముందు ఇటూ అటూ ఊగింది. తూటా తగల్లేదని అర్థం.

మేజర్ గారు నా వైపు తిరిగాడు. "ఇతని పేరు రాసుకో దాసూ. జట్టులో నాలుగోవాడు."

మల్లేశ్ తల తిప్పి చూశాడు. అర్థం కాలేదనుకుంటా. "సర్, ఇంకో రౌండున్నది" అన్నాడు.

"ఉంటే కొట్టు. నాకు చెప్పనక్కర్లేదు" అని మేజర్ గారు పక్క లైను వైపు నడిచి వెళ్ళిపోయాడు.

మల్లేశ్ మళ్ళీ తుపాకి భుజానికి ఆనించాడు. చాలాసేపు కదలలేదు. తుపాకి పేలాక, వినడానికి వెనక నేనొక్కణ్ణే ఉన్నా, ఎప్పటిలాగే చెప్పాడు.

"కుడి అంచు, ఉస్తాద్."

నేను పేరు రాసుకుంటున్నాను. తలెత్తి చూడలేదు.